సాయంత్రమైతే వేడెక్కే కంప్యూటర్

కోట ఊరి బజారులో నేను పనిచేసిన ఫోటో స్టూడియోలో ఉన్నది ఒకటే కంప్యూటర్. పొద్దున పూట దాని ముందు మా ఓనరు కూర్చునేవాడు, మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత నేను. ఆయన దగ్గర అది సాధుజంతువు. నా దగ్గరికి వచ్చేసరికి లోపలి ఫ్యాను రయ్యిమని అరవడం మొదలుపెట్టేది. పెట్టె పక్కన మోకాలు పెడితే సెగ తగిలేది. పొద్దు వాలే వేళకు, తెర మీద తలంబ్రాలు సగంలో ఉండగా, టప్పుమని ఆరిపోయేది. మళ్లీ వెలిగించడం, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం.

ఎప్పుడో ఒకసారి అయితే యంత్రం తప్పు అనుకుంటారు. రోజూ నా చేతిలోనే అయితే? మా ఓనరు ఆ ప్రశ్న నోటితో అడగకముందే కళ్లతో అడగడం మొదలుపెట్టాడు. నేను కుర్చీలో కూర్చోగానే ఏదో పని ఉన్నట్టు వెనక ర్యాకు దగ్గరికి వచ్చి, ఫ్రేములు అటు తీసి ఇటు పెట్టేవాడు. ఆ ఫ్రేములు అంతకుముందు ఏడాదిగా కదిలింది లేదు.

నేనూ తక్కువదాన్ని కాదు. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. తక్కెడ ముల్లు చూడకుండా వంకాయలు తీసుకోను. బస్సులో పక్కన కూర్చున్న మనిషి ఊరికే నవ్వితే సంచి ఒళ్లోకి లాక్కుంటాను. అలాంటిదాన్ని నన్నే ఒకడు అనుమానిస్తుంటే ఒళ్లు మండదా? కానీ మండినా బయటపడే వీలు లేదు. ఆ ఉద్యోగం నాకు కావాలి.

ఎందుకు కావాలో చెప్పాలి. స్టూడియోకి రాకముందు నేను రొయ్యల కంపెనీలో తలలు తుంచే పని చేశాను. పొద్దస్తమానం ఐసునీళ్లలో చేతులు. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటే అది వేడిగా ఉందో చల్లగా ఉందో వేళ్లకు తెలిసేది కాదు. మా చర్చిలో క్రిస్మస్ కార్యక్రమాన్ని ఫోన్లో తీసి, ఫోన్లోనే కత్తిరించి అతికించి, పాటలు కలిపి చూపించాను. ఆ రోజు ఫోటోలు తీయడానికి వచ్చిన ఈ ఓనరే అది చూసి, "స్టూడియోకి రామ్మా, పెద్ద మిషన్ మీద నేర్పిస్తా" అన్నాడు. నేర్పించాడు కూడా. ఆ మాట కాదంటే నా నోరు పడిపోతుంది. ఆయన ఫోటోలు చూసుకునేవాడు, పెళ్లి వీడియోలన్నీ నావి. ఈ పని పోతే నాకున్న దారి మళ్లీ ఐసునీళ్లే. ఇప్పటికీ చలికాలం వస్తే నా కుడిచేతి వేళ్లు ఆ సంగతి గుర్తు చేస్తాయి.

ఒకరోజు ఉండబట్టలేక నేనే అన్నాను. "అన్నా, నువ్వు చేసేది ఫోటోలు, నేను చేసేది వీడియోలు. వీడియోకి మిషన్ ఎక్కువ కష్టపడతాది. అందుకే వేడెక్కతా ఉంది."

"నాకు తెలీదామ్మా?" అన్నాడు. "పోయినేడు కూడా నువ్వే గదా వీడియోలు చేసినావు? అప్పుడు లేని వేడి ఇప్పుడు యాడి నుంచి వచ్చింది?"

నిజమే, పోయినేడాది కూడా ఇదే కంప్యూటర్, ఇదే కుర్చీ, ఇవే చేతులు.

పోయినేడాది లేనిదీ ఇప్పుడు ఉన్నదీ మాకు తెలిసి ఒకటే. వీధికి అవతల, సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా, కొత్త స్టూడియో వెలిసింది. అద్దాల తలుపు, లోపల ఏసీ, బయట కొత్త పెళ్లికూతురి నిలువెత్తు ఫ్లెక్సీ. అది తెరిచినప్పటి నుంచి మా ఓనరుకు నిద్ర లేదు. నేను బస్టాండుకు పోయే దారి వాళ్ల గుమ్మం ముందు నుంచే. ఇక చూడండి. ఒకరోజు ఆ స్టూడియో నడిపే ఆమె "ఏం అక్కా, బాగుండావా" అంటే "బాగుండా" అన్నాను. మర్నాడు మా ఓనరు నా సంచి వైపు చూశాడు. సంచిలో టిఫిన్ బాక్సు, గొడుగు తప్ప ఏమీ లేవు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను సంచి సర్దుకున్నాను. అది కూడా చూశాడు.

గూడూరు నుంచి మెకానిక్ వచ్చాడు. పెట్టె విప్పకుండానే "వైరస్ అన్నా, ఎవురో పెన్ డ్రైవ్ పెట్టినట్టుండారు" అని, అంతా చెరిపేసి మళ్లీ ఎక్కించి, ప్రాసెసర్ ఎంత వేడిగా ఉందో తెర మూల అంకెల్లో చూపించే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి పోయాడు. రోగం తగ్గలేదు కానీ, జ్వరం చూసే థర్మామీటర్ మాత్రం దొరికింది. ఫోటోలు చేసేటప్పుడు డెబ్భై. నేను పెళ్లి వీడియో ముక్కలన్నీ ఒకే ఫైలుగా చేసే ఎక్స్‌పోర్ట్ పెట్టగానే ఎనభై, తొంభై, తొంభై అయిదు. వంద దగ్గరికి రాగానే టప్పు.

మెకానిక్ అన్న ఆ 'ఎవురో' అనే మాట మా స్టూడియోలో తిష్ట వేసింది. పెన్ డ్రైవులు తెచ్చేవాళ్లు వందమంది. చూపులు మాత్రం నా మీదే.

వేడి తగ్గించడానికి ఓనరు తనకు తోచిన వైద్యాలన్నీ చేశాడు. టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టె మీదికి తిప్పాడు. అది చాలక, చేపల మార్కెట్ నుంచి ఐసు తెచ్చి బేసిన్‌లో వేసి ఫ్యాను ముందు పెట్టాడు. ఏ ఐసు నుంచి పారిపోయి వచ్చానో ఆ ఐసే నా కాళ్ల దగ్గర కరుగుతూ కూర్చుంది. అంకె ఒక్కటి కూడా దిగలేదు. నేల తడిసి, నా చెప్పులు చిత్తడయ్యాయి, అంతే.

ఆయన తల్లి వైద్యం వేరు. మేమంతా ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. ఇల్లు స్టూడియో వెనకే. ఎదురు స్టూడియో వచ్చిన రోజే ఆమె గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించింది, నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీసింది. అంతకుముందు శుక్రవారాలు మాత్రమే వేసే సాంబ్రాణి రోజూ రెండు పూటలా వేయడం మొదలుపెట్టింది. పొద్దున షట్టరు తీయగానే ఒకసారి, దీపాల వేళ ఇంకోసారి. కెమెరాలకూ, లైట్లకూ, చివర్లో కంప్యూటర్‌కూ. కంప్యూటర్ అన్నం పెట్టేది గనక దాని దగ్గర కాసేపు ఎక్కువ నిలబడేది. దుమ్ము పడకూడదని పాత పట్టుచీర చించి, చుట్టూ కుచ్చులు పెట్టి దానికో కవరు కూడా కుట్టింది. మీట నొక్కడానికి ముందువైపు మాత్రం తెరిచి వదిలి, మిగతా పెట్టె అంతా ఎప్పుడూ ఆ కవరులోనే ఉండేది.

పెద్దమ్మ గురించి ఇంకో మాట చెప్పాలి. శుక్రవారం అందరికీ కుంకుమ పళ్లెం తిప్పేది. నా దగ్గరికి వచ్చేసరికి పళ్లెం పక్కకు పెట్టి, మూర మల్లెపూలు నా చేతిలో పెట్టేది. బొట్టు ఎందుకు పెట్టుకోవని ఒక్కనాడూ అడగలేదు. "నీ చెయ్యి ఆ మిషన్‌కి అచ్చిరాలేదేమోనమ్మా" అని ఓనరు ఒకసారి నోరు జారితే, ఆమె వెనక తలుపులోంచే కసిరింది. "పాప చెయ్యికేం రా? ఎదురోళ్ల కన్ను అది. చేతనైతే ఆ కన్ను సంగతి చూడు."

అంత నోరు పెట్టి నా పక్షాన మాట్లాడింది ఆ వీధిలో ఆమె ఒక్కతే.

అంతలో పెద్ద పని వచ్చింది. సముద్రం వైపు రొయ్యల గుంటలున్న ఒక ఆసామి కొడుకు పెళ్లి. డ్రోను, మూడు కెమెరాలు. పదహారు రోజుల పండగకు పెద్ద తెర కట్టి చుట్టాలందరికీ వీడియో చూపించాలట. నేను ఎక్స్‌పోర్ట్ పెట్టడం, అది ఆరిపోవడం, ఆయనకు ఆసామి ఫోను చేయడం, ఆయన నా వైపు చూడటం. వారమంతా ఇదే.

"ఈ పెళ్లి గట్టెక్కినాక నీ సంగతి చూద్దాంలేమ్మా" అన్నాడు ఓనరు, నెమ్మదిగా. అరిచి ఉంటే భయపడేదాన్ని కాదు.

ఆ మర్నాడే నా నెత్తిన సీసీ కెమెరా వెలిసింది. దొంగల భయమట, ఫోన్లో చూసుకోవచ్చట. దొంగల భయం ఉన్నవాడు కెమెరాను గుమ్మం వైపో, గల్లాపెట్టె వైపో పెడతాడు. ఇది నా కుర్చీ వైపు చూస్తోంది. పొమ్మనలేక పొగబెడుతున్నాడని అర్థమైంది. గూడూరు నుంచి ఇంకెవరినో మాట్లాడుకున్నాడనీ, కంప్యూటర్‌ని తనే ఏదో చేసి తప్పు నా మీదికి తోస్తున్నాడనీ అనుమానం వచ్చింది. మెకానిక్ ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లోనే ఏదో మతలబు పెట్టాడేమోనని ఇంకో అనుమానం. ఎదురు స్టూడియో ఆమె కరెంటు లైనులో ఏదైనా కలిపిందా అని కూడా ఆలోచించాను. అనుమానం పెనుభూతం అంటారు గానీ, నాది ఒక్క భూతం కాదు, జాతరంత.

ఒక సాయంత్రం అంకె తొంభై మూడు దగ్గర ఊగుతోంది. దానివైపే చూస్తున్నాను. పెద్దమ్మ మట్టి ధూపం గిన్నె పట్టుకుని వచ్చింది. కొబ్బరి చిప్పల నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి చల్లి, గిన్నెను పెట్టె ముందు పట్టుకుంది. పొగ మామూలుగా పైకి లేవాలి. ఇది లేవలేదు. వంగి, సన్నటి పాయగా సాగి, పెట్టె ముందున్న చిల్లుల్లోకి దూరిపోయింది.

"చూసినావా పాపా" అంది పెద్దమ్మ మురిసిపోతూ. "మిషన్ కూడా పీల్చుకుంటా ఉండాది. శకునం మంచిది."

నేను పొగనే చూస్తున్నాను. లోపలికి పోయిన పొగ అంతా బయటికి రాలేదు. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. ఈ పెట్టె వేడెక్కినప్పుడల్లా, ధూపం వేయని వేళ కూడా, స్టూడియో అంతా సాంబ్రాణి వాసన వచ్చేది. ఫోటో దిగడానికి వచ్చినవాళ్లు "గుడిలోకి వచ్చినట్టుందే" అని మెచ్చుకునేవాళ్లు. నాకూ బాగానే ఉండేది. ఇప్పుడు మాత్రం ఆ వాసన ఎక్కడి నుంచి వస్తోందా అని ముక్కు పెట్టెకు ఆనించి పీల్చాను. లోపలి నుంచే.

పోయినేడాది లేనిది ఎదురు స్టూడియో ఒక్కటే కాదు. రోజూ రెండు పూటల పొగ కూడా లేదు, కుచ్చుల కవరూ లేదు.

ఆ ఆదివారం ముత్తుకూరు పోర్టులో షిఫ్టు డ్యూటీ చేసే మా ఆయన ఇంటికి వస్తే సంగతంతా చెప్పాను. "రేపే చెప్పేస్తా" అన్నాను. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

"గమ్మునుండుమే. ఇంకెవురు చెప్పినా అది ఫ్యాను మాట. నువ్వు చెప్తే దేవుడి మాట అవతాది. మన చర్చోళ్లకు వాళ్ల సాంబ్రాణి పడలేదంట అని బజారంతా అనుకుంటారు. నువ్వు ఎంత మొత్తుకున్నా ఆ ఫ్యాను సంగతి ఎవుడూ వినడు."

కోపం వచ్చింది, కానీ కాదనలేకపోయాను. దానికి మించి పెద్దమ్మ ముఖం కళ్ల ముందుకు వచ్చింది. నన్ను వెనకేసుకొచ్చిన ఒక్క మనిషి దగ్గరికి పోయి 'నువ్వే కారణం' అని ఎలా చెప్పను? ఎవరికీ చెప్పకుండా నేనే శుభ్రం చేసేద్దామనుకున్నాను. మా ఆయన గూడూరు పోయి వేడి లాగేయడానికి ప్రాసెసర్ మీద పూసే పేస్టు ట్యూబు తెచ్చాడు. మందుల షాపులో స్పిరిట్ కొన్నాను. ఎలా విప్పాలో ఫోన్లో వీడియోలు చూశాను, ఒకరు చెప్పింది నమ్మకుండా నలుగురివి.

ఓనరు చిట్టమూరు వైపు ఓణీల ఫంక్షనుకు ఫోటోలు తీయడానికి పోయిన మధ్యాహ్నం, పెద్దమ్మ వెనక బల్ల మీద కునుకు తీస్తుంటే, కరెంటు తీసేసి, కవరు తొలగించి, పెట్టె మూత విప్పాను. నెత్తిన కెమెరా ఉందని మరిచిపోలేదు. ఫంక్షను హడావుడిలో ఆయన ఫోను చూడడని అనుకున్నాను. ఆయన అనుమానాన్ని నేను తక్కువ అంచనా వేశాను.

ఫ్యాను విప్పితే దాని కింద రేకులున్నాయి. వేడిని బయటికి పంపే సన్నటి అల్యూమినియం రేకులు. వాటి మధ్య సందులు ఉండాలి, గాలి ఆ సందుల్లోంచే పోవాలి. ఒక్క సందు కనిపించలేదు. జిగురు పట్టిన గోధుమరంగు దుమ్ము కంబళి ముక్కలా మందంగా అల్లుకుపోయి ఉంది. గోరుతో లాగితే పొరగా ఊడి వచ్చింది. దానికి ఊపిరి ఆడకపోవడంలో ఆశ్చర్యం లేదు. పాత టూత్‌బ్రష్షు స్పిరిట్‌లో ముంచి ఒక్కో సందూ తోముతున్నాను. బల్ల మీద ఫోను మోగింది. ఓనరు. రెండు చేతులూ జిగురు. ఎత్తలేదు. మళ్లీ మోగింది. మళ్లీ ఎత్తలేదు.

మెడలో కెమెరా అలాగే వేలాడుతుండగా బండి దిగి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తుండావు? ఎవురు విప్పమన్నారు? ఎదురోళ్లు చెప్పినారా?" ఆ అరుపుకు ఎదురు స్టూడియో అద్దాల తలుపు అవతల కూడా తలలు తిరిగాయి. "నా అనుమానం నిజమే గదా! నేను లేనప్పుడు చూసి పెట్టె విప్పినావే! అడిగితే పలకవేంది?"

నా నాలుక చివర మాటలన్నీ వరుస కట్టి నిలబడ్డాయి. ఇన్నాళ్ల కోపం. ఒక్కటి వదిలితే చాలు. అప్పుడే వెనక బల్ల మీద పెద్దమ్మ లేచి కూర్చోవడం కనిపించింది. నోరు మూసుకున్నాను. నా గురించి తెలిసిన వాళ్లెవరూ ఇది నమ్మరు.

పెద్దమ్మ లేచి వచ్చింది. కొడుకును మోచేత్తో పక్కకు జరిపి, నా అరచేతిలో ఉన్న ఆ జిగురు ముద్ద తీసుకుని, వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది నా సాంబ్రాణి గదరా" అంది.

"ఊరుకోమ్మా, నీకు తెలీదు."

"వాసన తెలీదా నాకు? ఎదురోళ్ల కన్నూ కాదు, పాప చెయ్యీ కాదు. రెండు పూటలా నిలబడి నేనే దాని ముక్కు మూసినా." నా వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసునా పాపా?"

అబద్ధం చెప్పలేకపోయాను, అవుననీ అనలేకపోయాను. తల దించుకున్నాను. ఆమెకు అది చాలింది. స్టూలు లాక్కుని కూర్చుని, ఆ ముద్ద అంటిన వేళ్లు కొంగుకు తుడుచుకుంది. గెలిచానన్న సంతోషం రావాల్సింది నాకు. రాలేదు. బిడ్డకు మంచిదని పట్టిన కషాయమే పడలేదని తెలిసిన తల్లిలా ఉంది ఆమె ముఖం. నాకు ఏడుపొచ్చింది, కళ్లు తుడుచుకుందామంటే చేతులకు జిగురు.

రేకులు తోమాను, ఆరనిచ్చాను, పేస్టు కొద్దిగా పెట్టి, ఫ్యాను బిగించాను. వెలిగించి, రొయ్యల ఆసామి కొడుకు పెళ్లి ఎక్స్‌పోర్ట్ పెట్టాను. ఓనరు నా వెనకే నిలబడ్డాడు, ఈసారి ఫ్రేములు సర్దుతున్నట్టు నటించకుండా. యాభై ఎనిమిది. అరవై రెండు. అరవై ఏడు. అక్కడే ఆగింది. తలంబ్రాలు దాటాయి, అప్పగింతలు దాటాయి. ఫ్యాను చప్పుడు ఉందా లేదా అన్నట్టు ఉంది. పెళ్లి మొత్తం అయిపోయేదాకా ఆయన కదల్లేదు. అయిపోయాక బయటికి పోయి టీ తెచ్చాడు. నా గ్లాసులో చక్కెర రెండింతలు వేయించాడు. ఆ చక్కెర మీద కూడా నాకు అనుమానం వచ్చింది.

మర్నాడు దీపాల వేళ పెద్దమ్మ ధూపం గిన్నె తెచ్చి, లోపలికి రాకుండా గుమ్మం బయటే ఆగింది.

"ఈడైతే పరవాలేదా పాపా?"

"ఇంకొంచెం లోపలికి రావచ్చు పెద్దమ్మా."

ఒక్క అడుగు వేసింది. పొగ నిటారుగా పైకి లేచి, గుమ్మడికాయను తాకి, వీధిలోకి పోయింది. గిన్నె కింద పెట్టి లోపలికి వచ్చింది. తొలగించిన కుచ్చుల కవరు నా కుర్చీ వెనక మడతపెట్టి ఉంది. దాన్ని తీసి దులిపింది. మళ్లీ కంప్యూటర్‌కు కప్పుతుందేమోనని కుర్చీలోంచి సగం లేచాను. ఆమె తల ఎత్తి, నా కుర్చీ వైపు చూస్తున్న ఆ కెమెరాను చూసింది. కవరు కొడుకు చేతికి ఇచ్చింది.

"ఒరేయ్, ఇది దానికి కప్పు. దుమ్ము పడతా ఉండాది."

ఆయన తల్లి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను తెర మీది అంకె వైపు చూస్తున్నట్టు కూర్చున్నాను. కాసేపటికి స్టూలు లాగిన చప్పుడైంది. ఆయన ఎక్కి, కెమెరాకు ఆ పట్టుచీర ముక్క తొడిగి, జారిపోకుండా కుచ్చులు ముడివేస్తున్నాడు.

ఆ స్టూలుకు ఒక కాలు ఊగుతుందని నాకు ఎప్పటి నుంచో అనుమానం. లేచి వెళ్లి, ఆయన దిగేదాకా గట్టిగా పట్టుకున్నాను.